నిజాంసాగర్ లెక్కనే

మా ఆయన నవీన్ ఇప్పటికి నాలుగు దేశాలు తిరిగి వచ్చాడు. నాలుగింటి గురించీ ఆయన చెప్పగలిగింది ఒక్కటే. అక్కడ తిండి బాగుండదు.

ఎరువులు, పురుగుమందుల కంపెనీలు డీలర్లను ఏటా విదేశాలకు తిప్పుకొస్తాయి. అమ్మకాలు బాగున్న దుకాణానికి ఒక సీటు. మాకు రెండు దుకాణాలు. మామగారి కాలం నాటి కామారెడ్డి దుకాణాన్ని నవీన్ చూసుకుంటాడు, అంటే గుమాస్తాలు చూసుకుంటుంటే ఆయన చాయ్ తాగుతాడు. ఎల్లారెడ్డిది నాది. కొత్త లైసెన్సుకు సైన్సు డిగ్రీ కావాలన్నారు. ఆయన చదువు ఇంటర్ దగ్గరే అటకెక్కింది. అందుకని నా డిగ్రీకి ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. బయట బోర్డు మీద మాత్రం ఆయన ఫొటో, చేతిలో మొక్కజొన్న కంకి పట్టుకుని నవ్వుతూ. ఆ కంకి కూడా పక్కవాళ్ల చేనుదే.

పొద్దున దుకాణం తెరిచేది నేను. రైతు తెచ్చిన ఆకు చూసి ఏ తెగులో చెప్పేది నేను. సీటు ప్రతిసారీ నా దుకాణానికే వచ్చేది, విమానం ప్రతిసారీ ఆయనే ఎక్కేవాడు. సొమ్మొకడిది, సోకొకడిది అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

రెండేళ్ల కిందట వియత్నాం పోయొచ్చాడు. అక్కడ హా లాంగ్ అనే చోట సముద్రంలోంచి కొండలు గుంపులు గుంపులుగా లేచి ఉంటాయి, వాటి మధ్య పడవలు పోతుంటాయి. ఫోన్లో ఆ బొమ్మలు ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. ఆయన బ్యాగు దించగానే అడిగాను, ఎట్లుందని.

"ఏముంటది? నీళ్లు, రాళ్లు. నిజాంసాగర్ లెక్కనే," అన్నాడు. మా పక్కనున్న డ్యాము పేరు చెప్పి, సాక్సులు విప్పి నా చేతికిచ్చాడు.

ఈ ఏడు కంపెనీ కొత్త రూలు పెట్టింది. లైసెన్సు ఎవరి పేరున ఉంటే వాళ్లే రావాలి. మళ్లీ వియత్నామే. కామారెడ్డి దుకాణానికి సీటు రాలేదు. రావడానికి అక్కడ ఎవరన్నా పనిచేస్తే కదా. నా పాస్‌పోర్టు ఎప్పుడో చేయించి బీరువాలో పెట్టుకున్నాను, వాన పడకముందే విత్తనం తెచ్చి పెట్టుకున్నట్టు. ఆ కొండలు ఒక్కసారి నా కళ్లతో చూడాలి, అంతే నా కోరిక.

నన్ను పోవద్దని నవీన్ నేరుగా అనలేదు. అంత ధైర్యం ఆయనకెక్కడిది. కామారెడ్డి నుంచి సతీశ్‌ను కారులో వేసుకుని నా దుకాణానికి వచ్చాడు. సతీశ్ కూడా డీలరే, అప్పుడు వియత్నాంకు నవీన్‌తో కలిసే పోయాడు. మా ఆయనకంటే పెద్దవాడు, ఆయనకంటే ఎక్కువ దేశాలు తిరిగినవాడు, బయటి దేశాలకు పోయే డీలర్లందరికీ జాగ్రత్తలు చెప్పే పెద్దమనిషి. వచ్చి యూరియా బస్తాల మీద గద్దెనెక్కినట్టు కూర్చున్నాడు.

"చెల్లె, నీ మంచి కోరి చెప్తున్న," అన్నాడు. "ఆసియా దేశాలంటే ఆషామాషీ గాదు. తిండి కాడ్నే సగం సస్తం. కప్పల్ని తింటరు, పాముల్ని తింటరు. మేము పోయినప్పుడు బియ్యం, చింతపండు, తొక్కు, కరెంటు కుక్కర్ అన్నీ మోసుకపోయినం. రూంలనే వండుకున్నం. పోపు పెట్టంగనే పొగకు అలారం మోగింది. హోటలంత ఖాళీ జేయించిండ్రు."

"అప్పుడేం చేసిన్రు?"

"ఏం జేస్తం? మేము గూడ దిగినం. పప్పు మాడిపోయింది."

ఆ హోటల్లో మెట్ల మీదుగా పరుగెత్తినవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. పప్పు మాడినందుకు మాత్రం ఇప్పటికీ బాధే.

"పాస్‌పోర్టు పైలం," అన్నాడు నవీన్. "ఆ సంగతి అన్నకు ఎరుక."

ఎరుకే. సతీశ్ లోపలి నిక్కరుకు జేబు కుట్టించి, పాస్‌పోర్టు అందులో పెట్టి, పైన పిన్నీసు గుచ్చాడట. అధికారి చూపించమనేసరికి లైను మొత్తం చూస్తుండగా ప్యాంటు వదులు చేయాల్సి వచ్చింది. దీన్ని ఆయన జాగ్రత్త కింద చెబుతున్నాడు.

"బస్సు దిగొద్దు చెల్లె. దిగితే తప్పిపోతవు. ఎవలు పలకరించినా మాట్లాడొద్దు. రూం దాటొద్దు. ఆడమనిషివి, నీకు అవసరమా ఇదంత?"

"మీరు బస్సు దిగలేదా అన్నా?"

"మేమెందుకు దిగుతం?"

"హా లాంగ్ల పడవెక్కిన్రు గదా. ఆ కొండలు దగ్గర్నుంచి సూస్తే ఎట్లున్నయి?"

సతీశ్ నవీన్ వైపు చూశాడు. నవీన్ గోడ మీది నా డిగ్రీ వైపు చూశాడు.

"పడవ లోపట ఏసీ గది ఉండె," అన్నాడు సతీశ్. "బయటంత ఎండ. పత్తాలు పంచుకొని కూసున్నం. నవీన్‌కు ఆనాడు ముక్కలు మస్తు పడ్డయి. ఆట ఒడిసేసరికి ఒడ్డుకొచ్చినం."

నాకు కోపం రాలేదు. కోపం రావాలన్నా ఎదురుగా ఒక మనిషి ఉండాలి. అసహ్యం వేసింది. నా కష్టం మీద సముద్రాలు దాటిపోయి, తల తిప్పి కిటికీలోంచి కూడా చూడలేదు. పేకాటే అయితే లింగంపేట మామిడితోటలో ఆడుకోవచ్చు. పోలీసులు వస్తే ఎటు పరుగెత్తాలో కూడా తెలుసు.

ఇక లాభం లేదని నవీన్ అసలు సంగతికి వచ్చాడు. సతీశ్ కంపెనీ ఆఫీసర్‌తో ముందే మాట్లాడి పెట్టాడట. ఒంట్లో బాగాలేదని నా నోటితో ఒక్క మాట చెబితే సీటు నవీన్ పేరుకు మారుస్తారు.

"నాట్లు పడ్డయి. యూరియాకు రైతులు లైన్లు గడతరు. నువ్వు పోతే దుకాణం ఎవలు సూస్తరు?" అంటూ నంబరు కలిపి ఫోను నా చేతిలో పెట్టాడు.

"చెప్పండి మేడం, ఆరోగ్యం బాగలేదంట గదా," అన్నాడు అటునుంచి ఆఫీసర్.

ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఔననేస్తే ఇంట్లో గొడవ ఉండదు, ఆయన హుషారుగా సంచి సర్దుకుంటాడు, తిరిగొచ్చాక నేను మళ్లీ సాక్సులు ఉతుకుతాను. నిజంగానే భయం వేసింది. విమానానికి కాదు, ఇంటికి.

"మంచిగనే ఉన్న సర్," అన్నాను. "నా పేరే రాసుకోండ్రి. తిండి కాడ నాకోసం వేరే ఏం వద్దు, అన్నీ తింట."

సతీశ్ బస్తాల మీంచి లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"మరి దుకాణం?" అన్నాడు నవీన్.

"నువ్వు సూస్తవు. నాలుగు దేశాలు తిరిగినోనివి, నీకు ఎల్లారెడ్డి ఎంత?"

పోయాను. మీరూ ఎప్పుడన్నా పోతే నా మాట కూడా కాస్త వినండి. కుక్కర్ మోయకండి. పొద్దున్నే వీధి పక్కన ముసలమ్మలు పొగలు కక్కే పులుసులో బియ్యపు సేమ్యా వేసి ఇస్తారు, వేలితో చూపిస్తే చాలు, నిమ్మకాయ పిండుకుని తాగితే ప్రాణం లేచొస్తుంది. పాస్‌పోర్టు చేతిసంచిలో పెట్టుకోండి. రోడ్డు దాటేటప్పుడు పరుగెత్తకండి, ఒకే నడకన పోతే బండ్లే తప్పుకుంటాయి. ముఖ్యంగా బస్సు దిగండి. ఒకచోట టైరు మార్చడానికి ఆపితే నేను పొలం గట్టు మీదికి దిగాను. వరిలో కలుపు తీస్తున్న ఒకావిడ వచ్చి నా గాజులు పట్టుకు చూసింది, నేను ఆమె వరి పట్టుకు చూశాను. ఆకుముడత. ముడత విప్పి లోపలి పురుగును చూపిస్తే ఆమె నెత్తి కొట్టుకుంది, ఇద్దరం నవ్వాం. బస్సులో మన డీలర్లు ఇండియన్ హోటల్ ఇంకెంత దూరమని అరుస్తున్నారు.

హా లాంగ్‌లో పడవ కదలగానే కింద గదిలో పత్తాలు పంచడం మొదలైంది. నేను మెట్లెక్కి పైకి పోయాను. వాన అప్పుడే వెలిసింది. దగ్గరి కొండలు పచ్చగా, దూరపువి పొగలాగా. ఒకటి దాటితే దాని వెనక ఇంకొకటి. నేను ఫోన్లో చూసింది ఏమీ కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

అప్పుడే నవీన్ ఫోను. వెనక జనం గోల.

"లింగంపేట సాయిలు ఆకు పట్టుకొచ్చి కూసున్నడు. తుప్పు మచ్చలున్నయి. అగ్గితెగులు మందు ఇయ్యాల్నా?"

"కింది ఆకులకా, పై ఆకులకా?"

అడిగి చెప్పాడు. కింది ఆకులకే.

"అది తెగులు గాదు, మందు గిందు వద్దు. జింకు ఇచ్చి కొట్టుమను."

మొగుడి మీది కసికి సాయిలు పొలం నష్టపోకూడదు కదా. నవీన్ ఫోను పెట్టేస్తాడనుకున్నాను, పెట్టలేదు.

"పొద్దుగాల్నుంచి చాయ్ గూడ తాగలే," అన్నాడు. "ఒక్కొక్కలు ఒక్కో ఆకు తెస్తున్నరు. మేడం ఎప్పుడొస్తదని నన్నే అడుగుతున్నరు." గొంతు తగ్గించాడు. "నిజంగ చెప్పు ప్రణీతా. అక్కడ ఎట్లుంది?"

ఇన్నేళ్లలో నిజంగా తెలుసుకోవాలని ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది. కొండల వైపు చూశాను. చెప్పాలంటే ఎంతైనా చెప్పొచ్చు.

"ఏముంటది?" అన్నాను. "నీళ్లు, రాళ్లు. నిజాంసాగర్ లెక్కనే."