షరతులతో పాస్

ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు భద్రంగా ఉన్నాయో లేదో పరీక్షించడం బాలశౌరి ఉద్యోగం. అతను పరీక్షిస్తాడు, పైనున్న పెద్దమనిషి సంతకం పెట్టి ఆమోదిస్తాడు. లోపం ఉందని చెప్పడానికి ఒకడు, ఉంటే ఉందిలే అనడానికి ఇంకొకడు. ఇద్దరికీ జీతమిచ్చేది ఐర్లండ్ సర్కారే.

ఆ యేడు అతని వంతుకి ఒక ఆసుపత్రి మందుల సిస్టమ్ వచ్చింది. ఏ రోగికి ఏ మందు ఎంత ఇవ్వాలో డాక్టర్లు అందులోనే రాస్తారు. రూలు ప్రకారం ఎవరి లాగిన్ వాళ్ళే వాడాలి. వార్డులో ఎవర్నడిగినా "అంతా గ్రాండ్" అన్నారు, అక్కడి వాడుకలో అంతా బాగుందని. తనిఖీకి వచ్చినవాడికి ఎవరు మాత్రం ఇంకేం చెబుతారు?

నిజం చెప్పింది లోహిత ఒక్కతే. గుంటూరులో చదివిన డాక్టరు. డ్రోహెడా ఊళ్ళో బాలశౌరి వాళ్ళ పక్కిల్లే.

"నీ దగ్గర దాపరికమేంటి అన్నయ్యా! లాగిన్ అయ్యేసరికి తెల్లారుద్ది. పేషెంటు ఆయాసపడతా ఉంటే ఎవరాగుతారు? పొద్దున్నే నాది ఓపెన్ చేసి వదిలేస్తా, అందరం దాని మీదే లాగించేస్తాం. తాకిస్తే తెరుచుకునే కార్డులున్నాయంటగా, అవి ఇప్పించు, నీకు పుణ్యముంటుంది."

ఇప్పిద్దామనే రాశాడు బాలశౌరి. సాక్ష్యం గట్టిగా లేకపోతే పైవాళ్ళు కదలరని, ఆమె చెప్పింది చెప్పినట్టే రాసి పేరు మాత్రం దాచాడు. ఫెయిల్ చేస్తే సిస్టమ్ ఆపేయాలి, రోగులు అల్లాడిపోతారు. అందుకని వాళ్ళ శాఖలో అందరూ చేసేదే తనూ చేశాడు. "షరతులతో పాస్" అన్నాడు. కార్డులు పెట్టాలన్నది షరతు. పెద్దమనిషి "ఈ రిస్కును అంగీకరిస్తున్నాం" అని సర్టిఫికెట్ మీద సంతకం గీకాడు. ఆ తర్వాత షరతు మొహం చూసిన పాపాన ఎవరూ పోలేదు.

చలికాలంలో ఒక ముసలాయనకి పదింతల మోతాదు వెళ్ళింది. ప్రాణం దక్కింది గానీ కిడ్నీలు పోయాయి. ఆ మోతాదు రాసిన వేళకి లోహిత వేరే అంతస్తులో ఉంది. కంప్యూటర్లో ఉన్నది మాత్రం ఆమె పేరే.

విచారణకి లోహితతో పాటు బాలశౌరినీ పిలిచారు. ఆ పిల్లని గట్టెక్కించొచ్చని ఆశపడుతూ వెళ్ళాడు, పిచ్చివాడు.

"ఆ రోజుకి సిస్టమ్‌కి సర్టిఫికెట్ ఉందా?" అని అడిగింది అధ్యక్షురాలు.

"ఉంది, కానీ షరతులతో..."

"ఉందా, లేదా?"

"ఉంది."

"అయితే లోపం సిస్టమ్‌ది కాదు. ఒక డాక్టరు లాగిన్ తెరిచి వదిలేస్తున్నారని మీరే రాశారు. ఎవరా డాక్టరు?"

లోహితే లేచి నిలబడింది.

"నేనే" అంది.

బయట వరండాలో అతని మొహం చూడకుండానే అంది: "నమ్మి నీకు చెప్పాను. నువ్వెళ్ళి వాళ్ళకి రాసిచ్చావు."

ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. తన మీద తనకే అసహ్యం వేసింది బాలశౌరికి.

వేసవిలో ఆ సర్టిఫికెట్ పొడిగింపుకి వచ్చింది. అతని పై అధికారి టైటస్, పరీక్షకుడి సంతకం కోసం కాగితం తెచ్చి ముందు పెట్టాడు. కార్డుల షరతు ఎదురుగా "పరిష్కారమైంది" అని ఉంది.

"కార్డులు పెట్టారా?" అనడిగాడు బాలశౌరి.

"ఇంకెందుకు? లాగిన్ తెరిచి పెట్టే ఆవిడని పంపేశారుగా. రిస్కు పోయింది."

"రేపు ఇంకొకరు తెరుస్తారు సార్."

"అలాగని నీ రిపోర్టులో లేదుగా!"

నేను సంతకం పెట్టనని కాగితం వెనక్కి నెట్టాడు బాలశౌరి. టైటస్‌కి కోపం కూడా రాలేదు. పక్క సీట్లో ఉన్న పరీక్షకుడికి ఇచ్చాడు. అతను చదవకుండానే సంతకం పెట్టి, టీ తాగడానికి లేచాడు.