ఆయిల్ చల్లారేదాకా

"రెండు గంటలకొకసారే ఆగుతామంటే నావల్ల కాదని చెప్తున్నాను కదండీ" అన్నాను మూడోసారి.

"ప్రయత్నించకుండానే కాదంటే ఎలా? ఈసారి పన్నెండు బళ్ళు వస్తున్నాయి. నీ ఒక్కదానికోసం అందరూ ఆగుతారా?" మావారు సామానంతా మంచం మీద పరిచి, బండికి తగిలించే పెట్టెల్లో సర్దుతున్నారు. పొద్దున్నే ప్రయాణం. ఎనిమిది రోజులు.

"అయితే ఇవాళ సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తాను."

పక్కగదిలోంచి అత్తయ్య అందుకున్నారు. "అలా మానేసే పోయినసారి మూత్రంలో మంటని వారం రోజులు మూలిగావు. ఊళ్ళు చూడ్డానికి పోతున్నావా, ఉపవాసానికి పోతున్నావా?"

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

రెండేళ్ళ క్రితం ఈ పెద్ద మోటార్‌సైకిల్ కొన్నారు. దూరాలు తిరగడానికే చేసిన బండి. సెలవురోజు వచ్చిందంటే గుంపుగా బయలుదేరేవాళ్ళం. ముప్పావు గంట గడిచేసరికి హెల్మెట్‌లోని స్పీకర్లో ఆయన గొంతు మెత్తగా వినిపించేది. "కాసేపు దిగుతావా?" సరే అనేదాన్ని. వెనకొచ్చేవాళ్ళతో, "మా ఆవిడ ఆగమంటోంది" అనేవారు. నాలుగు ప్రయాణాలయ్యేసరికి దానికి 'వదినగారి బ్రేక్' అని పేరు పడిపోయింది. "మీటర్ చూసుకోనక్కర్లేదురా, వదినగారు దిగారంటే నలభై కిలోమీటర్లు అయినట్టే" అనేవాడొకడు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక మాత్రం, నా ఒంట్లోనే ఏదో లోపం ఉందని బెంగ పడేదాన్ని. డాక్టరమ్మ స్కానింగ్ తీయించి, ఏమీ లేదు పొమ్మంది. అయినా నమ్మలేదు. కుడి పిక్కకు సెగ కొడుతోందంటే, ఎండ అనేవారు మావారు. అదీ నమ్మాను.

పెరట్లోంచి మా మరిది గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బండి పనులన్నీ అతనే చూస్తాడు.

"వదినా, ఇవాళ్టితో మీకు విముక్తి. ఆయిల్ కూలర్ బిగించేశాను. గంటన్నర తిప్పుకొచ్చినా ఆయిల్ వేడి నూట ఐదు డిగ్రీలు దాటలేదు."

"నాకేం విముక్తి?"

"ఇక దారిలో ఆగక్కర్లేదుగా. మొన్నటిదాకా నలభై కిలోమీటర్లకే నూట ముప్పై దాటేది. ఆపి చల్లార్చుకోకపోతే ఇంజను పాడవుతుంది. పాపం, అన్నయ్య పరువు కోసం మీరు ఎన్ని మాటలు పడ్డారో. నేనైతే ఒప్పుకునేవాణ్ణి కాదు బాబూ."

"నేను ఒప్పుకున్నానా?"

అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది. అన్నగారి వైపు చూశాడు. "మీరే చెప్పారని... ఆయిల్ కాగుతోందంటే నవ్వుతారు, నా పేరు చెప్పెయ్యండని మీరే అన్నారని అన్నయ్య..."

మావారు మడతపెట్టిన రెయిన్‌కోటునే విప్పి మళ్ళీ మడతపెడుతున్నారు.

నాకు ఆ ఆగిన చోట్లన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. నేను పొదల చాటు వెతుక్కుంటూ పోతే, ఆయన ఇంజను పక్కన మునికాళ్ళ మీద కూర్చునేవారు. ఆయిల్ మూతకు వేడి చూపించే చిన్న గడియారంలాంటిది బిగించి ఉంటుంది. దానివైపే చూస్తూ, "తొందరేం లేదు, ఇంకో అయిదు నిమిషాలు కూర్చో" అనేవారు. నేను అడక్కముందే ఆపుతారని, ఎంత ఓపికో అని, మా అక్కకు ఫోన్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

"ఈ బండే కొనమని గ్రూపులో నలుగురికి చెప్పింది నేనే" అన్నారు తలెత్తకుండా. "నాదే కాగుతోందని ఏ మొహంతో చెప్పను? అయినా నీకూ మంచిదేగా, మధ్యమధ్యలో దిగితే కాళ్ళు సాగుతాయి."

"స్కానింగ్‌కి మీరే తీసుకెళ్ళారు" అన్నాను. "రిపోర్టు వచ్చేదాకా పక్క కుర్చీలోనే కూర్చున్నారు."

"ఏదైనా ఉంటే తెలుస్తుందిగా అని..."

మరిది మెల్లగా పెరట్లోకి జారుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాను. ఏడుపు వస్తుందనుకున్నాను గానీ రాలేదు. అంట్లు కూడా చప్పుడు చెయ్యకుండానే తోమాను.

సాయంత్రం త్వరగా భోజనాలకు కూర్చున్నాం. అందరం ఉన్నాం, మరిదితో సహా. అతను కంచంలోంచి తల ఎత్తలేదు.

"అమ్మా, పొద్దున ఎన్నింటికి బయలుదేరుతున్నారు?" అని అడిగింది మా అమ్మాయి.

"మీ నాన్న అయిదింటికి బయలుదేరతారు. నేను వెళ్ళడం లేదు." అత్తయ్యకు చారు వడ్డిస్తూ చెప్పాను. "రేపే కాదు, ఇకమీదట ఆ బండి ఎక్కను."

ఆయన ఏదో అనబోయారు.

"నేనెందుకు రాలేదని వాళ్ళు అడుగుతారు" అన్నాను. "ఉన్నమాట చెబుతారో, నామీద ఇంకొకటి కల్పించి చెబుతారో మీ ఇష్టం. ఈసారి వాళ్ళతో కలిసి నవ్వడానికి నేను ఉండను."