టైటిల్స్‌లో ఆఖరి పేరు

కుళాయి నుంచి చుక్క పడుతుంది. ఎర్ర దారం ఒక ఫొటో మీంచి ఇంకో ఫొటో మీదికి పాకుతుంది. నల్ల గ్లోవు తొడిగిన చెయ్యి అగ్గిపుల్ల గీస్తుంది. ఎర్రబడిన కన్ను ఒకటి తెరుచుకుంటుంది. అక్షరాలు వణుకుతాయి. జనం ఊపిరి బిగబడతారు.

ఆ కుళాయి, అక్షరాల బాబాయి గదిలో కారే ఏసీ. కింద బకెట్ పెట్టి చప్పుడు పట్టాడు. గ్లోవులు గిన్నెలు తోముకునేవి. బూటు పాలిష్ పట్టిస్తే హంతకుడివైపోయాయి. కన్ను ఎడిటరుది. కండ్లకలక వచ్చిందని సెలవడిగితే, ముందు కెమెరా దగ్గరికి రమ్మని, ఆ తర్వాత ఇంటికి పొమ్మన్నాడు.

థ్రిల్లర్ సినిమాల మొదటి రెండు నిమిషాలు తయారుచెయ్యడమే ఇరవై ఆరేళ్లుగా ఆయన పని. సూత్రం చిన్నది. చెయ్యి చూపించు, ముఖం చూపించకు. వస్తువు చూపించు, అది ఎవరిదో చెప్పకు. పేరు పడే ముందు సంగీతం ఆపు. మిగతా రెండు గంటల్లో దర్శకుడు ఎలాగూ అంతా పాడుచేసుకుంటాడు.

స్టూడియోలో అందరికీ ఆయన అక్షరాల బాబాయే, అసలు పేరు ఎవరికీ తెలీదు. తెలిసే దారి కూడా లేదు. అందరి పేర్లూ రాసిన మనిషి పేరు ఒక్క సినిమాలోనూ పడలేదు. హీరో కుక్కని తిప్పినవాడి పేరు పడింది.

భార్య బతికున్నన్నాళ్లూ ప్రతి సినిమాకీ మొదటి రోజు మొదటి ఆటకి వచ్చేది. టైటిల్స్ అయ్యేదాకా కన్నార్పేది కాదు. ఆయన పేరు కోసం వెతికేది. "ఇవాళా రాలేదు," అనేది. ఆ వెంటనే, "చివర్లో ఒంటరిగా పడిందే ఒక పేరు, వాడే చంపింది. నాకు సినిమా అయిపోయింది," అని కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోయేది. పంతొమ్మిది సినిమాల టైటిల్స్‌లో కత్తెర పట్టుకున్న చేతులు ఆవిడవే. ఆ సంగతీ ఎవరికీ తెలీదు. ఒక్కసారి కూడా హంతకుణ్ణి తప్పు చెప్పలేదు. పోయి నాలుగేళ్లయింది.

ఈ సినిమా దర్శకుడికి ఇదే మొదటిది. వచ్చిన రోజే మాటిచ్చాడు. "ఈసారి మీ పేరు పడుతుంది బాబాయ్. 'టైటిల్స్' అని పైన, కింద మీ పేరు. సొంత కార్డు."

ఇలాంటి మాటలు బాబాయి చాలామంది దగ్గర విన్నాడు. కానీ ఈయన కాగితం మీద రాసిచ్చాడు. బాబాయి ఆ కాగితాన్ని మడిచి కళ్లద్దాల పెట్టెలో దాచుకున్నాడు.

విడుదలకి రెండు వారాల ముందు, ఒక ఉదయం, పెద్ద నటుడి మేనేజరు గదిలోకొచ్చి కుర్చీ లాక్కున్నాడు. వెనకే నిర్మాత, దర్శకుడు. నిర్మాతకి తలుపుల ఫ్యాక్టరీ ఉంది. సినిమా గురించి కూడా తలుపుల గురించి మాట్లాడినట్టే మాట్లాడతాడు.

"సార్‌కి నటుల్లో అందరికన్నా ఆఖర్న ఒంటరి కార్డు కావాలి," అన్నాడు మేనేజరు. "ముందు 'మరియు' అని రావాలి. రెండు సెకన్లు సంగీతం ఆగాలి."

"దానికింద 'హంతకుడు' అని కూడా రాసెయ్యమంటారా?" అన్నాడు బాబాయి.

"ఏమన్నారు?"

"మీ సార్‌ది డాక్టరు వేషం. నాలుగంటే నాలుగు సీన్లు. అంత పెద్దమనిషి బీపీ చూసి వెళ్లిపోడానికి వచ్చాడంటే నమ్మే వెర్రివాళ్లెవరు? పైగా 'మరియు' అట."

"కార్డు లేకపోతే సార్ ప్రచారానికి రారు."

నిర్మాత బాబాయికి దండం పెట్టాడు. "వేసెయ్యండయ్యా! టైటిల్స్ ఎవరు చూస్తారు? అందరూ అప్పుడే కదా సీట్లు వెతుక్కునేది."

మేనేజరు వెళ్లిపోయాడు. దర్శకుడు తల పట్టుకుని కూలబడ్డాడు. మూడేళ్లు కూర్చుని అల్లిన కథ రెండో నిమిషంలో గాల్లో కలిసిపోతోంది. అతని ముఖం చూడలేక బాబాయి నోరు జారాడు.

"ఆయన కార్డు వెనకాలే ఇంకోటి వెయ్యి. అదీ ఒంటరిగా, అదీ 'మరియు' అని. ఎవరూ వినని పేరు. జనం సినిమా అంతా వాడికోసం కాచుకుని కూర్చుంటారు. డాక్టరు గోల ఎవరికీ పట్టదు."

"నటుల్లో ఆఖరు అన్నాడుగా?" అన్నాడు నిర్మాత.

"తర్వాత వచ్చేవాడు నటుడు కానప్పుడు మీ పెద్ద నటుడే ఆఖరు."

దర్శకుడు లేచి నిలబడ్డాడు. "లేని మనిషి పేరు వేస్తే సినిమా సంఘం వాళ్లు ఊరుకోరు. మనిషి ఉండాలి. సినిమాకి పనిచేసుండాలి. పేరు మాత్రం ఎవరికీ తెలీకూడదు..."

ఇద్దరూ బాబాయి వైపు చూశారు. తవ్విన గొయ్యి ఎంత లోతో అప్పుడు తెలిసిందాయనకి.

"పైన 'టైటిల్స్' అని రాస్తావుగా?" అన్నాడు.

దర్శకుడు నీళ్లు నమిలాడు. "పని రాస్తే గుట్టు రట్టవుతుంది కదా బాబాయ్. పేరైతే పడుతుంది. తెరంత పేరు."

బాబాయి కళ్లద్దాల పెట్టె తెరిచి కాగితం చూసుకుని, మళ్లీ మూసి, "సరే," అన్నాడు.

మొదటి రోజు కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. హాలు కిటకిటలాడుతోంది. చుక్క పడింది, దారం పాకింది, పెద్ద నటుడి పేరు పడింది. ఈలలు. సంగీతం మళ్లీ ఆగింది. మరియు. బాబాయి పేరు పడింది. కూతురు ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

వెనక వరసలో ఒకడు, "ఎవడ్రా వీడు? ఎప్పుడూ వినలేదే!" అన్నాడు.

"వాడే చంపేది. రాసిపెట్టుకో," అన్నాడు పక్కవాడు.

విశ్రాంతి దాకా తెర మీద తలుపు తోసుకుని వచ్చిన ప్రతి వాణ్ణీ వాళ్లు అనుమానించారు. పాలవాణ్ణి కూడా వదల్లేదు. డాక్టరు బీపీ చూసి వెళ్లాడు, ఎవరూ పట్టించుకోలేదు. చివర్లో ఆ డాక్టరే నల్ల గ్లోవులు బయటికి తీస్తుంటే హాలు దద్దరిల్లింది.

బయటికొస్తూ పక్కవాడన్నాడు, "మరి ఆ ఆఖరి పేరాయన రానే లేదేంట్రా?"

"సీన్లు లేపేసుంటారు. పాపం, ఎన్ని ఆశలు పెట్టుకున్నాడో."

కూతురికి నవ్వొచ్చింది. తండ్రి ముఖం చూసి మానుకుంది. "పేరు పడిందిగా నాన్నా. అమ్మ ఉంటే..."

"మీ అమ్మ ఉంటే, పేరు సరే, పని ఏదీ అని అడిగుండేది."

పదో రోజు పెద్ద నటుడు సొంతవాళ్లతో సినిమా చూశాడు. తన పేరు తర్వాత ఇంకో పేరు! అదీ తనకన్నా ఎక్కువసేపు! మేనేజరు ఫోను మీద ఫోను చేశాడు. మర్నాటికల్లా బాబాయి కార్డు లేచిపోయింది.

దాంతో హాళ్లకి నిప్పంటుకున్నట్టయింది. పన్నెండో రోజు నుంచి, డాక్టరు స్టెతస్కోపు మెళ్లో వేసుకుని లోపలికి రాగానే వెనక బెంచీలు అరిచేవి, "హంతకుడుగారొచ్చారు! లేచి నిలబడండ్రా!" ఆ అరుపు ఊరంతా పాకింది. పెద్ద నటుడు టోపీ పెట్టుకుని వెళ్లి తన చెవులతో తనే విన్నాడు. ఆయనే మేనేజరు చేత కబురంపాడు, ఆ కార్డేదో మళ్లీ పెట్టి తగలెయ్యమని.

దర్శకుడు, నిర్మాత బాబాయి గదికి పరుగెత్తుకొచ్చారు. ఏసీ చుక్కలు బకెట్లో పడుతున్నాయి.

"మళ్లీ పెట్టాలి బాబాయ్. ఇవాళే."

"పెడతాను. పైన 'టైటిల్స్' అని ఉంటుంది."

"అలా రాస్తే ఉపయోగమేముంది? అందరికీ అర్థమైపోదూ?"

"అయితే వద్దు. అది నా పేరు. ఎక్కడ పడితే అక్కడ దిష్టిబొమ్మలా నిలబెట్టడానికి ఇవ్వను."

"సినిమా పోతుంది బాబాయ్. నా బతుకు ఇదే."

బాబాయి కళ్లద్దాల పెట్టె తెరిచి, మడత కాగితం అతని ముందు పరిచాడు. "ఇది ఎవరి చేతిరాత?"

నిర్మాత మధ్యలో దూరాడు. "గొడవెందుకు? రాసుకోనియ్. చీమంత అక్షరాల్లో రాస్తే ఎవడు చదువుతాడు? పేరు మాత్రం పెద్దగా వెయ్యండి. ఏమంటారు?"

బాబాయి ఏమీ అనలేదు. ఇరవై ఆరేళ్లుగా ఆయన ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఇద్దరూ నిశ్చింతగా వెళ్లిపోయారు. తయారైన కార్డు చూసి పంపే ఓపిక ఇద్దరికీ లేదు. టైటిల్స్ ఎవరూ చూడరు, డబ్బు పెట్టినవాళ్లతో సహా.

మర్నాడు మధ్యాహ్నం ఆటకి బాబాయి కూతురితో వెళ్లాడు. హాల్లో పదకొండు మంది ఉన్నారు. ఇద్దరు నిద్రపోతున్నారు. చుక్క పడింది. దారం పాకింది. పెద్ద నటుడి పేరు వచ్చి పోయింది. సంగీతం ఆగింది. రెండు సెకన్లు కాదు, నాలుగు.

టైటిల్స్. పేరు ఎంత పెద్దదో పనీ అంత పెద్దది. కింద ఆయన పేరు. అక్షరం వణకలేదు.

ముందు వరసలో ఎవరో ఆవలిస్తూ, "ఓహో, ఇవి రాసినాయనా! అయితే చంపింది డాక్టరేలే," అన్నాడు.

బాబాయి లేచాడు.

"ఎక్కడికి నాన్నా? ఇప్పుడేగా మొదలైంది!"

"నాకు సినిమా అయిపోయింది," అన్నాడాయన. పక్కవాళ్ల కాళ్లు తొక్కకుండా జాగ్రత్తగా నడిచి బయటికి వచ్చేశాడు.