నడుం కొలత

కాలర్ లోపల కాన్వాసు ముక్క పెట్టి, తొక్కుడు చెక్కను మెల్లగా ఊపుతూ మాసయ్య మూడో అంగి మెడ మలుస్తున్నాడు. ఆత్మకూరు బస్టాండు గోడను ఆనుకుని ఉన్న ఆ దుకాణంలో మిషను, కోతబల్ల, ఒక స్టూలు పడతాయి. ఆ పైన ఎవరొచ్చినా పక్కకు తిరిగి లోపలికి రావాలి. మూలలో పాత చీరతో కట్టిన తెర ఒకటి. బట్టలు వేసుకుని చూసుకునేవాళ్లకు అదే గది.

యాభై ఆరేళ్ల మనిషి. కుడిచేతి చూపుడువేలు గోరు మధ్యలో చీలి ఉంటుంది, బొంబాయి పక్క భివండిలో పనిచేసిన రోజుల్లో సూది దిగిన గుర్తు. అక్కడ పదకొండేళ్లు ప్యాంట్లు కుట్టి, ఊరి మీద ధ్యాస పట్టి తిరిగొచ్చేశాడు. ఆత్మకూరులో అతను టేపు వేయని నడుం తక్కువ. కొలతలు రాసుకునే బుక్కులు పన్నెండు నిండాయి. పదమూడోది నడుస్తోంది. ఎవరి భుజం ఏ పక్కకు వాలి ఉంటుందో బుక్కు తెరవకుండానే చెప్పగలడు.

తను మాత్రం మోకాళ్ల దాకా వచ్చే వదులు అంగీలే వేస్తాడు. ఎందుకని అడిగితే, "గాలాడ్తది," అంటాడు.

తొమ్మిదిన్నరకు కురుమూర్తి వచ్చాడు. ఊరవతల నాలుగెకరాల్లో వరి, పల్లి వేసే రైతు. మాసయ్య కంటే నాలుగేళ్లు చిన్న. ఇరవై ఏళ్లుగా బట్టలన్నీ ఇక్కడే కుట్టిస్తాడు, పనున్నా లేకున్నా వచ్చి చాయ్ తాగి పోతాడు. సంచిలోంచి తెల్ల బట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"మా బిడ్డ ఉమారాణి ట్రైనింగు వచ్చే నెల అయిపోతుంది మాసన్నా. పోలీసు బట్టలల్ల పరేడు చేస్తదంట. తల్లిదండ్రులను ముందట కూసోబెడ్తరంట. మంచిగ కుట్టాలె."

"కుడ్త. ఆ తెర ఎన్కకు పోయి పాయింటు వదులు చేసుకొని రా, కొలత తీస్త."

కురుమూర్తి ఒక చేత్తో పాయింటు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మాసయ్య టేపు చుట్టాడు. చదివాడు. విప్పి మళ్లీ చుట్టాడు. తర్వాత బుక్కు తిరగేసి దసరాకు రాసుకున్న పేజీ తీశాడు. అక్కడ ముప్పై ఏడు అని ఉంది. ఇంకా అయిదు నెలలు కాలేదు.

"ఎంతొచ్చింది?"

"ముప్పై మూడు."

"మంచిదే కద. పొట్ట తగ్గించుకొమ్మని డాక్టరు ఎన్నడో చెప్పిండు."

"నువ్వు తగ్గించినవా, దానంతట అదే తగ్గిందా?"

"షుగరు ఒళ్లు గుంజుతది మాసన్నా. ఎనిమిదేండ్లాయె నాకు. నీకు తెల్వందేముంది, నువ్వు గూడ గోలీలు మింగుతనే ఉంటివి."

మాసయ్య టేపు మెడలో వేసుకుని మిషను ముందు కూర్చున్నాడు కానీ తొక్కలేదు. షుగరు గుంజుతదన్న మాట అతనికి కొత్తది కాదు. నాలుగేళ్ల కింద భార్య జములమ్మ, "గిట్ల చిక్కిపోతున్నవేంది?" అని అడిగితే అచ్చం ఇదే మాట చెప్పాడు తను. అప్పుడు తన నడుం ముప్పై ఆరు నుంచి ముప్పై ఒకటికి దిగింది. ఏడాదిలో మూడుసార్లు తన పాయింట్లు తనే బిగించుకున్నాడు. ఊరందరి ఒళ్లూ కొలిచే మనిషి, తన నడుం దగ్గరికి వచ్చేసరికి కుట్టు వేసి ఊరుకున్నాడు. సండాసులో నెత్తురు కనబడినప్పుడు, పొద్దస్తమానం కూర్చునే పనాయె, మొలలు రాకుంటే ఏమొస్తాయనుకున్నాడు.

చివరికి వనపర్తి దవాఖానలో షుగరు గోలీల కోసం వరుసలో నిలబడితే, డాక్టరు మాలతి అతని కనురెప్ప కిందికి లాగి చూసి, తెల్లగా పాలిపోయి ఉందని పక్కన కూర్చోబెట్టింది. ఆమే పరీక్ష చేసింది, ఆమే హైదరాబాదుకు రాసింది. మలద్వారానికి పైనే పేగులో క్యాన్సరు. ఆపరేషను అయ్యాక ఒకరోజు ఆమె ఓపిగ్గా చెప్పింది: "షుగరున్న అందరికీ ఇది రాదు మాసయ్యా. కానీ షుగరు లేనివాళ్లకన్నా వాళ్లకు పెద్దపేగు క్యాన్సరు ముప్పు కొంత ఎక్కువ. పైగా చిక్కిపోవడం, నీరసం రెండింట్లోనూ ఉంటాయి. షుగరే అనుకుంటూ ఉంటే వెనకున్న రోగం కనబడదు." గురువారం షుగరు క్లినిక్కు వచ్చే వాళ్లకు నీ మాటగా చెప్పు, నా మాట కంటే నీ మాట ఎక్కువ వింటారు అని కూడా అడిగింది. మాసయ్య తలూపాడు. మూడేళ్లయినా పోలేదు. చెప్పాలంటే చూపించాలి. చూపించడానికి ప్రాణం ఒప్పుకోలేదు.

"సండాసుకు పోయినప్పుడు నెత్తురు పడ్తుందా?" అని అడిగాడు.

కురుమూర్తి రోడ్డు వైపు చూశాడు. "వేడి జేసింది. మొలలు. ఒకాయన చూర్ణం ఇచ్చిండు, తాగుతున్న."

"ఎప్పటి నుంచి?"

"వరికోతలప్పటి నుంచి."

"జర లోపలికి రా."

తెర వెనక ఇద్దరు నిలబడితే భుజాలు రాసుకుంటాయి. మాసయ్య తన అంగి పైకెత్తాడు. బొడ్డుకు ఎడమ పక్కన, అంగీలు కుట్టగా మిగిలిన నీలిగీతల బట్టతో కుట్టిన చిన్న తొడుగు, నడుం చుట్టూ నాడాతో కట్టి ఉంది. నాడా ముడి విప్పి తొడుగు పక్కకు జరిపాడు. కింద ఒంటికి అంటించిన సంచి ఉంది. చర్మం రంగులో, అరచేయంత.

కురుమూర్తి వంగి చూశాడు.

"గిదేంది మాసన్నా?"

"పేగుల క్యాన్సరు వచ్చింది నాకు. కింది దోవ కోసి మూసేసిండ్రు. ఇప్పుడు నా సండాసు దోవ ఇదే. మూడేండ్లాయె."

"మూడేండ్ల సంది నీ ముందట కూసోని చాయ్ తాగుతున్న. నాకు తెల్వదు."

"ఎవ్వరికి తెల్వదు. ఇంట్ల జములమ్మకు తెల్సు. ఇప్పుడు నీకు తెల్సింది."

కురుమూర్తి గొంతు తగ్గింది. "నాకు గూడ గదేనంటవా?"

"నేను డాక్టర్ను గాను. ఉట్టి మొలలే కావచ్చు. మొలలైతే వచ్చి నన్ను తిట్టు, పడ్త. చూపెట్టుకోకుండ నువ్వెట్ల చెప్తవ్, నేనెట్ల చెప్త?"

"పరేడు కానీ. గది అయినంక పోత."

"పరేడుకు ఏ కొలత కుట్టాలె నేను? దసరాకు ముప్పై ఏడు, ఇయాల ముప్పై మూడు. వచ్చే నెల ఎంతుంటదో నాకు తెల్వదు. ఈ బట్ట మీద కత్తెర పెట్ట, పో."

మాసయ్య అంత కటువుగా మాట్లాడటం కురుమూర్తి ఎన్నడూ వినలేదు. నుదురు తుడుచుకున్నాడు.

"గిసుంటి సంచి పెడ్తె నేను బతుక మాసన్నా."

"నేను బతుకుతలేనా? పొద్దుగాల నుంచి ఇది మూడో అంగి. మొన్న జాతరకు గుట్ట ఎక్కి దిగిన. అందరికి సంచి పడదు తమ్మీ. నేను యాడాది దాపెట్టిన, నాకు పడ్డది. నువ్వు దాపెట్టకు."

బస్టాండులో మైకు వనపర్తి బస్సు గురించి ఏదో చెప్పింది. కురుమూర్తి పాయింటు ఇంకా చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటం చూసి మాసయ్య బల్ల కింది లుంగీ అందించాడు.

"ఇది చుట్టుకొని ఆ పాయింటు ఇటియ్యి. గట్ల పట్టుకొని దవాఖానకు పోతవా?"

వెనక నడుం పట్టీ విప్పి రెండు పక్కలా మడత వేసి పొడుగు కుట్లతో గబగబా కుట్టాడు. మామూలుగా అయితే దగ్గర కుట్లు వేసి, అంచు తిప్పి, మళ్లీ ఒకసారి తొక్కుతాడు. ఇప్పుడు వేయలేదు.

"పొడుగు కుట్లే వేసిన. మళ్ల ఒళ్లొచ్చినప్పుడు ఒక్క దారం గుంజితే ఊడొస్తది."

కురుమూర్తి పాయింటు తొడుక్కుని చూసుకున్నాడు. సరిపోయింది. మాసయ్య చీటీ మీద మాలతి మేడం పేరు, గది నంబరు రాసి అతని జేబులో పెట్టాడు. షట్టరు సగం దించి తనే బస్సు దాకా నడిచాడు.

"గురువారం నేను గూడ వస్త ఆడికి. ఆ మేడం షుగరోళ్లకు చెప్పమని ఎన్నడో పిలిచింది," అన్నాడు కిటికీ కింద నిలబడి. కురుమూర్తి తలూపాడు. బస్సు కదిలింది.

మధ్యాహ్నం జములమ్మ జొన్నరొట్టె, గోంగూర తెచ్చింది. తింటూ తింటూ, "కురుమూర్తికి చూపెట్టిన," అన్నాడు. ఆమె నీళ్ల చెంబు అతని ముందుకు జరిపింది. తర్వాత, "మంచి పని చేసినవ్," అని ఇంకో రొట్టె వేసింది.

నాలుగింటికి ఫోను వచ్చింది.

"మేడం వేలు పెట్టి చూసింది మాసన్నా. లోపల గడ్డ తగుల్తుందంట. హైదరాబాదు పెద్ద దవాఖానకు రాసిచ్చింది. కెమెరా గొట్టంతోని చూసి, ముక్క తీసి పరీక్ష చేస్తరంట."

"ఇంకేమన్నది?"

"చిన్నగనే అనిపిస్తుందన్నది. పరీక్షలైతేనే గట్టిగ చెప్తనన్నది. రాత్రికి ఈడ్నే మా అక్కోళ్లింట్ల ఉంట. పొద్దుగాల పోత. ఉమారాణి సెలవు పెట్టి దవాఖాన కాడికి వస్తనన్నది."

"భయమైతుందా?"

"అయితుంది. అయినా పోత. బట్ట అట్లనే ఉంచు. వచ్చినంక కొలువు," అన్నాడు.

"ఉంచుత."

మాసయ్య తెల్ల బట్టను మడతల వెంట మడిచి, దుమ్ము పడకుండా పాత పేపరులో చుట్టి పై అరలో పెట్టాడు. మూడో అంగికి బొత్తాలు కుట్టి దారం కొరికాడు. ఎవరో కొత్త పాయింటు వేసుకుని చూసుకుంటానంటే తెర పక్కకు లాగాడు.

లోపల గోడమేకుకు పొద్దున కురుమూర్తి విప్పి మరిచిపోయిన నల్ల తోలు బెల్టు వేలాడుతోంది. కొన్నప్పటి అయిదు రంధ్రాలు దాటి, మేకుతో పొడిచిన మరో నాలుగు ఉన్నాయి దానికి. చివరిదాని చుట్టూ తోలు ఇంకా నలుపెక్కలేదు.