మొదటిసారి అడిగితే

"ఊర్మిలా, నా తువ్వాలేది?"

"నీ మెడల ఉన్నది సూడు," అంది ఊర్మిల, వంటింట్లోంచి తల కూడా తిప్పకుండా. గణేశ్ తడుముకున్నాడు. ఉంది.

ఆ ఇంట్లో ఏది కావాలన్నా ముందు ఊర్మిలను అడగాలి, అలమారాలు ఆ తర్వాత. అత్త ఇంద్రమ్మ మందుగోళీలు, గణేశ్ బండి తాళం, పక్కింటి మేక ఎటు పోయిందో కూడా. కోరుట్లలో పెళ్ళికొడుకు తప్పిపోయినా సరే, ఊర్మిల రొట్టె తిప్పుతూనే జాడ చెప్పేస్తుందని వాడకట్టు నమ్మకం.

ముందుగదిలో వాళ్ళది వీడియో మిక్సింగ్ దుకాణం. బోర్డు మీద పేరు గణేశ్‌ది, మిక్సింగ్ చేసేది ఊర్మిల. చుట్టుపక్కల పెళ్ళిళ్ళూ, తెలంగాణ ర్యాలీలూ అన్నీ ఒక పెట్టెలో వరుసగా పేర్చిన హార్డ్‌డిస్కుల్లో ఉండేవి. ఒక పెళ్ళి తెరవమంటే అవి తిరిగి తిరిగి, వెతికి వెతికి, తెర మీదికి తెచ్చేసరికి పెళ్ళికూతురు చంకన బిడ్డతో వచ్చి గుమ్మంలో నిలబడేది.

అందుకే గణేశ్ కరీంనగర్ పోయి అరచేయంత ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్కు ఒకటి తెచ్చి, ఆ డిస్కుల ముందు బిగించాడు.

"ఎప్పటికి అడిగేటియి గిది దగ్గర పెట్టుకుంటది. మళ్ల అడిగితే డిస్కులదాక పోనియ్యదు, టక్కున ఇస్తది."

పొద్దంతా ఒక్కో పెళ్ళినీ ఒక్కోసారి తెరిచి చూశాడు. ఏదీ మునుపటికంటే త్వరగా రాలేదు. మోసపోయానని అమ్మినతనికి ఫోన్ చేస్తే, స్పీకర్లో అతను నవ్వాడు. "మొదటిసారి ఏదడిగినా ఆలస్యమే అన్నా. దానికింక తెల్వది గద. అడిగిందే మళ్లడుగు."

మళ్ళీ అడిగాడు. వేలు మౌస్ మీద నుంచి లేవకముందే తాళి కట్టేశారు.

"సూసినవా? పెద్ద డిస్కులకు ఇగ పనే లేదు."

ఊర్మిల చూసింది. ఆ చిన్నదాన్ని ఎక్కడో ఎరిగినట్టే అనిపించింది. కొత్త కోడలప్పుడు, "చెంచా ఏడున్నదో గూడ తెల్వదా," అని ఇంద్రమ్మ అంటే, ఏడ్చి, వెతికి, గుర్తుపెట్టుకుంది. తను గుర్తుపెట్టుకున్నకొద్దీ మిగతావాళ్ళు మరిచిపోయారు. ఏటా బతుకమ్మకు సిరిసిల్లలోని తల్లిగారింటికి బయలుదేరితే, "నువ్వు వోతే మాకేం దొరుకుతదే," అని ఆపేవాళ్ళు. ప్రేమగానే ఆపేవాళ్ళు. కసిరి ఉంటే ఎప్పుడో పోయేది. ఈసారి సకలజనుల సమ్మె. సిరిసిల్లలో ఆడవాళ్ళు నడిరోడ్డు మీదే బతుకమ్మ ఆడుతున్నారట.

"నేను రేపు పోతున్న," అంది.

"సమ్మెల బస్సులు బంద్ గదా."

"తమ్ముడు బండి మీదస్తుండు."

"మరి మాకు?"

"మీరు పెద్ద డిస్కులు గదా. జర తిరుగున్రి."

ముందు నవ్వింది ఇంద్రమ్మే. "పోయిరా బిడ్డా. నా గోళీలు నేనే దేవులాడుకుంట."

సిరిసిల్లలో కాళ్ళు కడుక్కుంటుండగానే గణేశ్ ఫోన్.

"చక్కెరేది?"

"డబ్బాలన్ని తెరిచి సూడు."

"ఆలస్యమైతది గదనే."

"మొదటిసారి అంతే. రేపు నీకే దొరుకుతది."

మరునాడు సాయంత్రం, బతుకమ్మలను రోడ్డు మీద దించుతున్న వేళ మళ్ళీ మోగింది.

"ఇగ ఏం దొరుకుతలేదు?" అంది నవ్వుతూ.

"అన్ని దొరికినయి. అమ్మకు గూడ చాయ్ పోసిన. గందుకు కాదు. నీకేం గావాలె, ఊర్మిలా?"

తువ్వాల ఎక్కడుందో తల తిప్పకుండా చెప్పే ఊర్మిల ఈ జవాబు కోసం లోపల చాలా దూరం వెళ్ళవలసి వచ్చింది. ఆ మాట ఆమెను ఎవరైనా అడగడం అదే మొదటిసారి.