వెనుక పెట్టెలోని ఊపిరి

ఆషాఢమాసారంభమున నల్లమల కొండల నెత్తములపై నీలోత్పలచ్ఛాయలతో పొడసూపి యొక్క చినుకైనను రాల్పక గాలివెంట వెడలిపోవు మేఘమాలికలను జూచి దప్పిగొన్న నేల నోరు దెఱచుకొనియుండ మార్కాపురపు పొలిమేరయందలి పలకల మిల్లులనుండి రేగిన ధూసరధూళి సంధ్యారుణకాంతితో గలసి కుంకుమపువ్వు పొడి చల్లినట్లు ఇంటికప్పులమీదను వేపకొమ్మలమీదను ఆరవేసిన వస్త్రములమీదను మెల్లమెల్లగా వ్రాలుచుండెను. దూరమునుండి చూచువారికది కన్నులపండువు. ఆ యూర గాపురముండువారికి మాత్రమది యిల్లాలి చీపురుకు దొరకక అన్నములో గలిసి పక్కబట్టలలో దూఱి తుదకు ఱొమ్ములో గూడుకట్టుకొను శత్రువు.

ఆ ధూళి వ్రాలు దూదేకుల వీధి చివర పనికిరాక పాఱవేసిన పలకముక్కలతో గట్టిన గోడలును పైన రేకులును గల యొంటిగది యింటిలో సైదమ్మ యను విధవ తన యేకైక పుత్రుడగు మౌలాలితో జీవించుచుండెను. ఆమె భర్త కాశిం పలకలు గోయు యంత్రముకడ యౌవనమంతయు ధారవోసి నడివయసైనను రాకమునుపే ఱొమ్మునిండ రాతిపొడి నింపుకొని మంచము పట్టెను. తుది మాసములయం దతడు ఊపిరి లోనికి దీయునపుడెల్ల జల్లెడలో నూకలాడించినట్లు మొదట గరగరయు ఆపైన సన్నని యీలయు వినవచ్చెడివి. మంచముకోటికి చెవి యానించి కూర్చుండి కూర్చుండి సైదమ్మ యా రెండు ధ్వనులను తన పేరువలెనే ఎఱిగినదయ్యెను. కాశిమును మట్టిచేసి వచ్చిననాడే ఆ మిల్లు గడప త్రొక్కనని కొడుకుచేత నొట్టు వేయించుకొని వానిని బ్యాండుమేళపు గురువగు హుస్సేనయ్య చేతిలో బెట్టెను. ఇత్తడి ట్రంపెట్టును నింపగలవాని గుండె ఇనుపగుండె యగుననియు గాలిని విద్యగా నేర్చినవానిని గాలి మోసపుచ్చదనియు ఆమె యెంచెను.

అయినను ఆమె మనసు కుదుటబడలేదు. కీడెంచి మేలెంచవలెనని పెద్దలు చెప్పిరి గాని సైదమ్మకు కీడెంచుటతోనే ప్రొద్దు గుంకెడిది, మేలెంచుటకు తీరిక చిక్కెడిది కాదు. కొడుకు చేప దినిన ముల్లు గ్రుచ్చుకొనుననియు బస్సెక్కిన బస్సు బోర్లపడుననియు ఊరేగింపునకు బోయిన పెండ్లిగుఱ్ఱము తన్ననే తన్నుననియు ఆమె ముందుగనే యేడ్చి కూర్చుండెడిది. కడచినయేట కంభములో నొక పిల్లను జూడబోయి ఫలహారపు పళ్లెము చేతబట్టుకొనియే "మీ బాయికి గోడ లేదే, పిల్ల ఎప్పుడన్నా పడిందా?" యని యడిగినందున ఆ సంబంధము కాస్తయు తప్పిపోయెను. నాటినుండి వీధివా రామెకు కీడు సైదమ్మ యని మాఱుపేరు పెట్టిరి.

ఇట్లుండ పొదిలిలో నొక పెండ్లియూరేగింపునందు మౌలాలి వాదనమును విని హైదరాబాదునుండి వచ్చిన తరళ యను సంగీతకర్త్రి నడివీధిలో నిలువునా నిలిచిపోయెను. క్యూబా మెక్సికో మొదలగు లాటిన్ అమెరికా దేశముల నాట్యగతులతో నొక ట్రంపెట్టు గీతసంపుటిని గూర్పదలచి తగిన వాదకునికై యామె చిరకాలముగా వెదకుచుండెను. అతనిని నగరమునకు గొనిపోయి గీతములను వాయింపించి రికార్డు చేసి ఆ యాల్బమునకు "సముద్రానికావల" యని పేరిడెను. అది యొకే స్పీకరు పెట్టెలో విని తృప్తిపడదగినది గాదు. ఇంట గూర్చున్న శ్రోతకు ముందు మూడు పెట్టెలును వెనుక రెండు పెట్టెలును మూలనొక మంద్రపు పెట్టెయు నమర్చిన నలుదెసలనుండి నాదము గ్రమ్ముకొనునట్లు సరౌండ్ సౌండ్ పద్ధతిలో గూర్పబడినది. వాయించినవాని యింటనే తొలుత వినబడవలెనని తరళ ముచ్చటపడి పెట్టెలన్నియు కారులో వేసికొని ఆ ఆషాఢ సాయంకాలమున మార్కాపురము వచ్చుటకును పిమ్మట మౌలాలిని వెంటనే నగరమున జరుగు నొక సభకు దోడ్కొనిపోవుటకును నిశ్చయించెను.

ఆ యుదయముననే మౌలాలి తల్లిని పొయ్యిప్రక్క గూర్చుండబెట్టెను.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా. ఈ ఒక్క పూట నీ నోట్లోంచి కీడుమాట రాకూడదు. ఆ మేడం ముందర లారీ గుద్దిద్ది, బస్సు పడిద్ది అన్నావంటే ఈ బూర తీసకపోయి బాయిలో పారేస్తా."

"యాడి బాయిరా? కంభంలో గోడ లేని బాయేనా?"

"నవ్వులాట కాదమ్మా. ఇన్నేళ్ళకి నాకో మంచిరోజొచ్చింది. ఒట్టెయ్యి."

కొడుకు కన్నులలో నేనాడును గానని వెలుగు గాంచి సైదమ్మ డబ్బా తెఱచి యొక లవంగమును దీసి పంటిక్రింద నుంచుకొనెను. "ఇదిగో, ఇది నోట్లో ఉన్నంతసేపు నేను నోరు తెరిస్తే అడుగు. పో."

సాయంకాలమునకు ఆ యొంటిగది నల్లని పెట్టెలతోడను తీగెలతోడను నిండిపోయెను. వెనుక పెట్టెలలో నొకదానికి తావు దొరకక పొయ్యిమూలనున్న బియ్యపుడబ్బా మీద నిలిపిరి. గదికి నడుమ నొక కుర్చీ వేసి తరళ సైదమ్మ చేయి బట్టుకొనెను.

"అమ్మా, ఇది మీ కుర్చీ. ఇక్కడ కూర్చుంటేనే సంగీతం మీ చుట్టూ తిరుగుతుంది."

కాని మేళగాండ్ర యిండ్లలో గురువు విచ్చేసియున్నపుడు ఆయనకంటె నెత్తున నింకొకరు గూర్చుండరాదను కట్టుబాటు గలదు. సైదమ్మ తల యడ్డముగా నూపి హుస్సేనయ్యను జూపెను.

"చెవుడొచ్చిన ముసలోణ్ణి, నాకెందుకమ్మా నడిమి కుర్చీ?" యనుచునే హుస్సేనయ్య తుండుగుడ్డతో కుర్చీ దులుపుకొని యాసీనుడయ్యెను. సైదమ్మ టీ కాచు నెపమున పొయ్యిమూలకు బోయి బియ్యపుడబ్బా నానుకొని గొంతుక్కూర్చుండెను. పెట్టె యామె చెవికి జేనెడు దూరమున నుండెను.

తరళ మీట నొక్కినంతనే ఆ రేకులయిల్లు అదృశ్యమైనట్లయ్యెను. గిలకబుఱ్ఱల గలగలలు కుడిగోడవెంట బ్రాకి యెడమగోడకు దూకెను. మద్దెలలవంటి వాద్యములు పాదములక్రిందినుండి పొంగి వచ్చెను. అంత ఉప్పుగాలి దప్ప మఱేమియు నెఱుగని యేదో సముద్రతీరమున అపరాహ్ణమున పడవలు తెరచాపలెత్తినట్లు మౌలాలి ట్రంపెట్టు ముందుదెసనుండి లేచి తళుక్కుమని మెఱసి నవ్వి సవాలు చేసి యంతలో దిగులుపడి మరల నాట్యమాడ దొడగెను. వాకిట గుమిగూడినవారు తమకు దెలియకయే పాదము లాడించిరి. ముసలి హుస్సేనయ్య కన్నులు మూసికొని శూన్యమున వ్రేళ్లతో మీటలు నొక్కుచుండెను.

సైదమ్మ కదలలేదు. పొయ్యిమూలకు ట్రంపెట్టు మందముగా మాత్రమే చేరుచుండెను. ఆమె చెవియొద్దనున్న పెట్టెలో పాటకంటె బిగ్గరగా వినవచ్చునది వేఱొకటి. స్వరమునకు స్వరమునకు నడుమ వాదకుడు లోనికి దీయు ఊపిరి. అది యామె కొడుకు ఊపిరి. ఆ యూపిరి యడుగున జల్లెడలో నూకలాడుచుండెను. నూకలపైన సన్నగా ఈల.

ఆమె లవంగమును కొఱికెను. నోరంతయు మండెను. ముహూర్తములు లేని ఆషాఢములయందును మూఢములయందును మేళమువారు ఇంటనుండగా వీడు మాత్రము సాధనకై గిద్దలూరు పోవుచున్నానని ప్రతిదినమును పోవుట యామెకు దలపునకు వచ్చెను. సాధన యేదో యిపుడు తెలిసెను. ఒట్టు గట్టుమీద బెట్టి వాడు తండ్రి కూర్చున్న యంత్రమువద్దనే కూలికి కూర్చుండుచున్నాడు.

పాట ముగిసినంతనే హుస్సేనయ్య లేచి శిష్యుని కౌగిలించుకొనెను. తరళ యుత్సాహముతో వెనుక పెట్టెను జూపుచు "ముందు పెట్టెల్లో పాట, వెనక పెట్టెల్లో మనిషి. ఊపిరిని కావాలనే వెనక పెట్టాను. మీ అబ్బాయి ఊపిరిలో ఒక గరుకుంది చూశారా, అందరూ తీసేయమన్నారు. నాకదే ప్రాణం అనిపించింది, ఉంచేశాను" అనెను.

మౌలాలి వచ్చి తల్లియెదుట మోకాళ్లమీద గూర్చుండి "ఎట్టుందమ్మా?" యని యడిగెను. తండ్రి పోయిననాటినుండి వాని మొగమున అంతటి వెలుగును ఆమె చూచి యెఱుగదు. పొయ్యిమీద టీ పొంగి మంటను ఆర్పుచుండెను.

"బాగుందిరా" యనెను.

"కీడు సైదమ్మ బాగుందన్నదంటే రేపు తప్పకుండా వాన పడిద్ది!" యని హుస్సేనయ్య పరిహసింప వీధియంతయు గొల్లుమనెను.

పెట్టెలను ఇంటనే యుంచుడని చెప్పి తరళ కారెక్కెను. కొడుకు చొక్కాగుండీలు బిగించు నెపమున సైదమ్మ యఱచేతిని వాని ఱొమ్ముమీద నొక్కి యుంచెను. పయనమగువానిని అపశకునముతో సాగనంపుటా? తిరిగి వచ్చిన పిమ్మట చెప్పవచ్చును గదా యని లవంగపు పిప్పిని మ్రింగి "పోయి రా" యనెను.

వాడు తిరిగి వచ్చెను. సభలో చప్పట్లు మ్రోగెనట. పత్రికలో ఫోటో పడెనట. కాని నలుదెసల పెట్టెలమర్చుకొని కూర్చుండి వినగల యిండ్లు దేశమున నెన్ని గలవు? ఆల్బము నడిగినవారు లేరు, రెండవ సభకు బిలిచినవారును లేరు. క్రుంగిన మొగముతో గుమ్మము త్రొక్కిన బిడ్డతో ఆ మాట యెట్లాడుదునని తల్లి మరల వాయిదా వేసెను. శ్రావణపు పెండ్లిండ్లు ముగిసి మరల మూఢము వచ్చినపుడు మాత్ర మొకసారి తెగించెను.

"చొక్కా మీద ఆ దుమ్మేందిరా?"

"దారి దుమ్మమ్మా."

"దారి ఎర్రగా ఉంటది గదరా. ఇది బూడిదలాగుంది."

"మళ్ళీ మొదలెట్టావా? ఆ ఒక్క పూట ఎంత హాయిగా ఉండిందో తెలుసా నీకు?"

ఆ మాటతో ఆమె నోరు మూతపడెను. ఊరివారి పరిహాసమునకు జంకని నోరు కొడుకు హాయికి జంకెను.

మాఘమాసమున నొక పెండ్లియూరేగింపులో వధూవరుల కారుముందు "సముద్రానికావల" యందలి పాటనే యెత్తుకొని పతాకస్థాయి నందబోవు తరుణమున మౌలాలి స్వరము తెగిన గాలిపటమువలె నూగి కూలెను. వెంటనే వాడును కూలెను. హుస్సేనయ్య వానిని తన యొడిలో బెట్టుకొని పెద్దాసుపత్రికి జేర్చెను. డాక్టరు ఎక్సురేను వెలుగునకు బట్టి చూచి తల్లివంక దిరిగి "రాతిదుమ్ము లోపల గట్టిపడిపోయింది. అది బయటికి రాదమ్మా. వానల ముందే దుమ్ములోంచి బయటపడి ఉంటే ఇంత తొందరపడేది కాదు. ఇక బూర మాట మర్చిపొండి" అనెను.

సైదమ్మ యేడ్వలేదు. ఏండ్లతరబడి ముందుగనే యేడ్చి యుంచినందున ఆ దినమునకు కన్నీరు మిగులలేదు.

ఇంటికి వచ్చినపిదప దిండ్ల నానుకొని కూర్చున్న మౌలాలి తల్లి నడిగెను.

"మిల్లుకు పోతుండానని నీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆ నాడు. పొయ్యి మీద టీ పొంగినప్పుడు. నీ ఊపిరి మీ నాయన ఊపిరిలాగా ఇనపడింది."

"మరి చెప్పలేదే?"

"నువ్వే వద్దంటివి గదరా."

వాడు నవ్వబోయెను గాని నవ్వు దగ్గై వానిని వంచివైచెను. ఆమె వీపు నిమిరెను. "నువ్వు చెప్పున్నా నేను ఇనేవాణ్ణి గాదులే అమ్మా. కీడు సైదమ్మ మాటేలే అనుకునేవాణ్ణి" యని వాడు తల్లి నూఱడింపజూచెను. అది నిజమే కావచ్చును. ఆ నిజముతో ఆమెకు బని లేదు. జీవితమంతయు వలదన్నచోటనెల్ల నోరు దెఱచి తెఱవవలసిన యొక్కచోట మూసికొంటినను మాట లవంగపు మంటవలె ఆమె నాలుకనుండి వదలలేదు.

ఇపుడు ప్రతి సాయంకాలమును మిల్లుధూళి రేకులమీద వ్రాలువేళ మౌలాలి నడిమి కుర్చీలో గూర్చుండును. గురువే స్వయముగా దానిని వానికి విడిచెను. ఒడిలో ట్రంపెట్టును నిలుపుకొని పెదవులకు దూరముగ బట్టుకొని పెట్టెలలో మ్రోగు తన పాటకు సరిగా మీటలను మాత్రము నొక్కుచుండును. ముందుదెసనుండి సముద్రములు లేచును. నావలు నాట్యమాడును. వాని యొడిలోని యిత్తడి మాత్రము టకటకమని యెండుకొయ్యవలె చప్పుడుచేయును.

సైదమ్మ పొయ్యిమూలలో తన పాతచోటనే బియ్యపుడబ్బా నానుకొని కూర్చుండును. ఒక చెవితో పెట్టెలోని యూపిరిని వినును. ఇంకొక చెవితో కుర్చీలోని యూపిరిని వినును. కుర్చీలోనిది పొట్టిది, అతుకులబొంత వంటిది, ఒకటి వచ్చిన పిమ్మట రెండవది వచ్చునో రాదో యని యెదురుచూడవలసినది. పెట్టెలోనిది అట్లుగాదు. నూకలాడినను ఈల వేసినను అది కడుపునిండ వచ్చును, పతాకస్థాయికి స్వరమును మోసికొనిపోవును, మరల వచ్చును. ఏ యూపిరిని విని యొకనాడు ఆమె ప్రాణము లెగిరిపోయెనో ఆ యూపిరినే యిపుడామె చేతులు జోడించి వేడుకొనుచున్నది, అంతమాత్రమైనను ఈ బిడ్డ కిమ్మని. భయమునకు గడపటి మెట్టు ఇదియే యని ఆమె యనుకొనును. మఱుసటి సాయంకాలము ఆ మెట్టునకు గ్రింద నింకొకటి కనబడును.