ఎర్ర లైటు దగ్గర మర్యాదలు

దోన్యా ఎనెయిదా, అంటే ఎనెయిదా అమ్మగారు, ప్యూర్టోరికోలోని కయేయ్ ఊళ్లో ముప్పయ్యొక్క ఏళ్లు ఆడపిల్లలకు గృహశాస్త్రం చెప్పి రిటైరైంది. ఫోర్కు ఎటువైపు పెట్టాలో ఊళ్లో సగం మందికి నేర్పింది ఆవిడే. మిగతా సగం మంది ఎలా బతుకుతున్నారో ఆవిడకు అర్థం కాదు. అలాంటి మనిషి ఆడపిల్లల వాలీబాల్ క్లబ్బుకు అధ్యక్షురాలైందంటే ఆటమీద ప్రేమ కాదు. ఎన్నిక రోజు జోరున వాన. మీటింగుకు వచ్చింది ఆవిడొక్కతే.

ఆ ఏడు జట్టు పోన్సేలో టోర్నమెంటుకు వెళ్లాలి. బస్సుకు డబ్బుల్లేవు. డబ్బుల్లేని జట్టు ఏం చేస్తుందో ప్యూర్టోరికోలో పాలు తాగే పిల్లకైనా తెలుసు. శనివారం పొద్దున్నే యూనిఫారాలు వేసుకుని, ఖాళీ డబ్బాకు జట్టు ఫొటో అంటించుకుని, కూడలిలో ఎర్ర లైటు దగ్గర నిలబడుతుంది. కార్లాగుతాయి, డబ్బాలు గలగలమంటాయి, కొన్ని అద్దాలు దిగుతాయి, చాలా అద్దాలు ఎక్కుతాయి.

దోన్యా ఎనెయిదా ఇన్నేళ్లూ అద్దం ఎక్కించిన వాళ్ల జాబితాలోనే ఉంది. ఇవ్వడం ఇష్టం లేక కాదు, అడిగే తీరు నచ్చక. మరి తన జట్టు అడిగితే అడుక్కున్నట్టు ఉండకూడదు కదా. అందుకని పదకొండు నియమాలు టైపు చేసి పిల్లలకు తలా ఒక కాగితం పంచింది. డబ్బా ఊపకూడదు. అద్దం ఎత్తి ఉన్న కారు జోలికి పోకూడదు. మొరటుగా మాట్లాడిన వాళ్లకు జవాబివ్వకూడదు. ఇవ్వని వాళ్లకు, ఇచ్చిన వాళ్లకంటే పెద్ద నవ్వుతో కృతజ్ఞతలు చెప్పాలి. వీటితోపాటు ఒక పలకరింపు కూడా రాసింది. క్లబ్బు తరఫున మీకూ మీ కుటుంబానికీ శుభోదయం అని మొదలై, అమూల్యమైన సమయం తీసుకుంటున్నందుకు మన్నించమని వేడుకుని, క్రీడల వల్ల యువతకు కలిగే మేలు మీదుగా సాగి, అప్పుడు బస్సు దాకా వస్తుంది.

ఆ కూడలిలో ఎర్ర లైటు నలభై సెకన్లు ఉంటుంది. పలకరింపు యాభై.

జట్టు కెప్టెన్ యెలిత్సాకు పదహారేళ్లు. గంటసేపు ఓపిక పట్టి, అధ్యక్షురాలు గొడుగు కింద మడతకుర్చీ వేసుకున్న చోటికి వచ్చింది.

"దోన్యా, 'యువత' దగ్గరికొచ్చేసరికి కారు వెళ్లిపోతోందండీ."

"అయితే ఇంకాస్త గబగబా చెప్పు తల్లీ. మాటలు మాత్రం మింగకు."

పది గంటలకు డబ్బాల్లో కాసిని చిల్లర, ఒక చొక్కా గుండీ, ఎవరో పాస్టరు గారి కరపత్రం పోగయ్యాయి.

అప్పుడు దిగారు బేస్‌బాల్ కుర్రాళ్లు, ఓ డప్పు వేసుకుని. వాళ్ల కోచ్ పేరు చెయో. కాళ్లకు రబ్బరు చెప్పులు, బొడ్డు పైకి లేచిపోయిన బనీను. ఒక లైటు దగ్గర ఒకే జట్టు నిలబడాలన్నది ఎక్కడా రాసి లేకపోయినా ఊరందరూ పాటించే నియమం. దోన్యా ఎనెయిదా లేచి వెళ్లి, పద్ధతి అనేది ఒకటుంటుందని, ముందొచ్చిన వాళ్లను గౌరవించాలని అతనికి నింపాదిగా బోధించింది. చెయో అంతా విని, జేబులోంచి చెమటకు తడిసిన కాగితం తీశాడు. మునిసిపాలిటీ ముద్ర. ఈ శనివారం, ఈ కూడలి, ఈ కుర్రాళ్లు.

అనుమతి అడగాలని ఆవిడకు తట్టనేలేదు. తనలాంటి మనిషిని కాదనేదెవరు?

చెయో వెక్కిరించి ఉంటే ఆవిడ తట్టుకునేది. అతను వెక్కిరించలేదు.

"ఇంత ఎండలో పిల్లల్ని ఎనక్కి పంపుతామా ఏంటి దోన్యా. అటు రెండు వరసలు మీయి, ఇటు రెండు మాయి. కాకపోతే మీ పిల్లలు చావింటికొచ్చినోళ్లలా నిలబడ్డారు. మా బేరం కూడా పాడైపోద్ది. కాస్త అరవనీండి."

కుర్రాళ్ల మీద జాలిపడి చోటిచ్చానని ఆవిడ పిల్లలతో చెప్పింది. కాగితం కళ్లారా చూసిన పిల్లలు బుద్ధిగా తలూపారు. అరగంటలో వాళ్లు డప్పుకు తగ్గట్టు గంతులేస్తూ, బస్సు కిటికీలు కూడా తట్టేస్తూ కూడలి అదరగొట్టారు. డబ్బాల చప్పుడు బరువెక్కింది. దోన్యా ఎనెయిదా అటు చూడకుండా ఎదురుగా ఉన్న మందుల షాపు బోర్డు పదేపదే చదువుకుంది.

అంతలో దొన్ రెయ్నాల్దో వెండిరంగు కారు వచ్చి ఆగింది. బ్యాంకు మేనేజరుగా చేసిన పెద్దమనిషి. చర్చిలో మొదటి వరసలో కూర్చుంటాడు, ఆడవాళ్లు ఎదురైతే టోపీ తీస్తాడు. ఆవిడ దృష్టిలో ఊరి మొత్తానికి మర్యాద తెలిసిన మగాడు ఆయనొక్కడే. అద్దం దిగడం చూసి జుట్టు సవరించుకుంటూ లేచింది. నాలుగడుగులు వేసేసరికి ఆయన మాటలు వినబడ్డాయి.

"సిగ్గులేదూ, ఈ వయసులో రోడ్డు మీద అడుక్కోడానికి? మీ అమ్మలకే పెంపకం లేదు, ఇంక మీకెక్కణ్ణించి వస్తుంది?"

యెలిత్సా నియమం తప్పలేదు. పెద్దగా నవ్వింది. "థాంక్సండీ, మీకు దేవుడు మేలు చెయ్యాలి" అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నవ్వు చెదరలేదు.

ఆ నవ్వు నేర్పింది తనే. దోన్యా ఎనెయిదా మిగతా అడుగులు గబగబా వేసింది. వెళ్లి కారు అద్దం అంచు మీద చెయ్యి వేసింది.

"శుభోదయం దొన్ రెయ్నాల్దో. పోయిన క్రిస్మస్‌కి మీ మనవడి బ్యాండు వాళ్లు చందాల కోసం కేకులమ్ముకుంటూ మా ఇంటికి నాలుగుసార్లొచ్చారు. నాలుగుసార్లూ కేకు కొన్నాను. ఆ కేకు మా కుక్క కూడా ముట్టలేదు. అయినా నేను ఎవరి పెంపకం గురించీ అడగలేదు."

పచ్చ లైటు పడింది. ఆవిడ చెయ్యి తీయలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. డప్పు ఆగిపోయింది. పక్క వరసలోని బస్సు డ్రైవరు వెళ్లాల్సింది పోయి, బాగా వినబడాలని ఇంజను ఆపేశాడు.

"అమ్మాయికి క్షమాపణ చెప్పి బయల్దేరండి" అంది ఆవిడ.

లైటు మళ్లీ ఎర్రబడింది. దొన్ రెయ్నాల్దో స్టీరింగు వైపు చూస్తూ ఏదో గొణిగాడు. ఇంకాస్త గట్టిగా అనమంది. ఈసారి అందరికీ వినబడింది. గండం గడిస్తే చాలన్నట్టు ఒక ఇరవై డాలర్ల నోటు కూడా డబ్బాలో వేశాడు. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి దోన్యా ఎనెయిదా దాన్ని తిప్పి ఇవ్వలేదు.

ఆవిడ వెళ్లి కుర్చీలో కూలబడింది. చెయో చల్లటి కొబ్బరి బొండం తెచ్చి ఒళ్లో పెట్టాడు. నడివీధిలో ఎన్నడూ ఏదీ నోట పెట్టని మనిషి దాన్ని అడుగంటా తాగింది.

తర్వాతి వారం బస్సు పోన్సేకు వెళ్లింది. జట్టు ఆడిన రెండు ఆటలూ ఓడింది, రెండోది మరీ ఘోరంగా. దోన్యా ఎనెయిదాకు సర్వీసు ఎప్పుడు మారుతుందో ఆనాటికీ సరిగ్గా తెలియదు. అయినా తిరుగు దారి పొడవునా ఆ రిఫరీకి కళ్లు లేవని, ఉన్నా న్యాయం లేదని, వాడి వాలకం చూసినప్పుడే తాను అనుకున్నానని డ్రైవరు వెనక సీట్లో కూర్చుని చెబుతూనే ఉంది. పిల్లలందరూ నిద్రపోయారు. డ్రైవరుకు ఆ వీలు లేదు కనక అవునండీ, నిజమేనండీ అంటూ కయేయ్ దాకా బండి నడిపాడు.